రెండోసారి ఐపీ, ఆ వెంటనే హైదరాబాద్ ప్రయాణం: ఏది ముందు, ఏది వెనక?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాకూ నా భార్యకూ గ్రీన్ కార్డులున్నాయి, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. 2018 ఏప్రిల్ 20న నేనొక్కణ్ణే చాప్టర్ 7 దివాలా పిటిషన్ వేశాను. ఆగస్టులో డిశ్చార్జ్ (బాకీల రద్దు) వచ్చింది. మళ్ళీ అప్పులయ్యాయి. కార్డుల మీద 58 వేల డాలర్లు, పర్సనల్ లోన్ 16 వేలు, ఆస్పత్రి బిల్లు 7 వేలు ఉన్నాయి. కారు లోన్ 21 వేలు, దానికి నా భార్య కూడా సంతకం చేసింది. కారు ఇప్పుడు 15 వేలు కూడా పలకదు. డిసెంబర్ 31తో ఉద్యోగం పోయింది. అప్పటిదాకా కోతలకు ముందు నెలకు 11 వేలు వచ్చేది, జనవరిలో సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే మొత్తం) 18 వేలు ఇచ్చారు. హైదరాబాద్‌లో ఉద్యోగం ఖాయమైంది. బళ్ళు అయిపోగానే జూన్‌లో వెళ్ళిపోవాలని ఉంది. ఎనిమిదేళ్ళు ఆగస్టుకు గానీ నిండవు, అప్పటికి ఇక్కడ ఉండం. మళ్ళీ ఐపీ పెట్టాలా, ఊరికే వెళ్ళిపోతే సరిపోదా? 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లో 60 వేలు తప్ప ఆస్తులేమీ లేవు. ఇండియాలో నా పేరు మీద ఏమీ లేదు. తెనాలి దగ్గర ఎకరం ముప్పై సెంట్ల పొలం నాన్న స్వార్జితం. ఆయన 2016లో పోయారు. పేర్లు మార్పించుకోలేదు, అమ్మా అక్కా చూసుకుంటున్నారు. నా పేరున అక్క కట్టే చీటీ ఒకటుంది. పోయిన సెప్టెంబర్‌లో న్యూజెర్సీలో ఉండే బావమరిదికి చేబదులు 9 వేలు తీర్చేశాను. వెళ్ళేముందు కార్డులు గీకేసి బంగారం కొనుక్కోమని స్నేహితులంటున్నారు. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, టెక్సస్

సమాధానం: మీరు భయపడుతున్న గడువు పెద్ద చిక్కేమీ కాదు. అసలు చిక్కు మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన తెనాలి పొలంలో ఉంది. దాని దగ్గరికి వచ్చేముందు గడువు సంగతి తేల్చేద్దాం.

చాప్టర్ 7 మీద డిశ్చార్జ్ వచ్చాక మళ్ళీ చాప్టర్ 7లో డిశ్చార్జ్ రావాలంటే ఎనిమిదేళ్ళు గడవాలి. ఆ లెక్క మొదటి పిటిషన్ వేసిన తేదీ నుంచి రెండో పిటిషన్ వేసే తేదీ వరకు. డిశ్చార్జ్ ఎప్పుడొచ్చిందన్నది చూడరు. కాబట్టి మీ ఎనిమిదేళ్ళు 2026 ఏప్రిల్ 20తో నిండుతాయి, ఆగస్టు దాకా ఆగక్కర్లేదు. అయితే తేదీని జ్ఞాపకం మీద నమ్మకండి. కోర్టు రికార్డుల వ్యవస్థ పేసర్‌లో మీ పాత కేసు తెరిచి మొదటి డాకెట్ (కేసు నమోదుల జాబితా) ఎంట్రీ తేదీ చూడండి. పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అదీ వసూలు చేయరు. ఒక్కరోజు ముందు వేసినా కోర్టు గుమాస్తా పిటిషన్ తీసుకుంటాడు, ఫీజూ తీసుకుంటాడు. ట్రస్టీ, అంటే ఆస్తులు అమ్మి అప్పులవాళ్ళకు పంచడానికి నియమించే మనిషి, మీ ఆస్తులు చూసుకుంటాడు. డిశ్చార్జ్ మాత్రం రాదు. గడువుకు ముందే వేశారని ఆ రోజు మీకెవరూ చెప్పరు.

ఎనిమిదేళ్ళు నిండిన మర్నాడే వేయాలా అంటే, మీ విషయంలో వద్దు. ఎందుకంటే మీన్స్ టెస్ట్ అనే ఆదాయ పరీక్ష ఉంది. పిటిషన్ వేసే నెలకు ముందు గడిచిన ఆరు పూర్తి నెలల స్థూల ఆదాయాన్ని సగటు తీసి, పన్నెండుతో హెచ్చించి, మీ రాష్ట్రంలో మీ అంత కుటుంబానికి ఉన్న మధ్యస్థ ఆదాయంతో పోలుస్తారు, అది దాటితే చాప్టర్ 7కు చిక్కు. మీరు ఏప్రిల్‌లో వేస్తే అక్టోబర్ నుంచి మార్చి దాకా లెక్కకొస్తుంది. మూడు జీతాలు 33 వేలు, సెవరెన్స్ 18 వేలు కలిపి 51 వేలు. నెలకు 8,500, ఏడాదికి లక్షా 2 వేలు. మేలో వేస్తే అక్టోబర్ జీతం జారిపోతుంది. అప్పుడు 40 వేలను ఆరుతో భాగిస్తే నెలకు 6,667, ఏడాదికి 80 వేలు. పది రోజులు ఆగితే 22 వేల తేడా. నిరుద్యోగ భృతి వస్తుంటే అదీ, మీ భార్యకు ఆదాయం ఉంటే అదీ కలిపి లెక్కేయండి. నలుగురి కుటుంబానికి టెక్సస్ పరిమితి ఎంతో, దివాలా కేసులను పర్యవేక్షించే ప్రభుత్వ విభాగమైన అమెరికా ట్రస్టీ కార్యాలయం వెబ్‌సైట్‌లో పట్టిక ఉంటుంది. అది ఏడాదిలో ఒకటికి మించి మారుతుంది కాబట్టి వేసే నాటిదే చూడాలి.

హైదరాబాద్ ఉద్యోగం సంగతి ఈ పరీక్షలో రాదు గానీ, పిటిషన్‌తో ఇచ్చే ఆదాయ పత్రం షెడ్యూల్ ఐ లో 'వచ్చే ఏడాదిలో ఆదాయం మారుతుందా' అని సూటిగా అడుగుతారు. అక్కడ ఆఫర్ లెటర్‌లోని జీతం రాయాల్సిందే. రూపాయల్లో జీతం, హైదరాబాద్ అద్దె, బడి ఫీజులు, అమ్మగారి మందులు, అన్నీ కాగితం మీద పెట్టి నెలకు నిజంగా ఎంత మిగులుతుందో చూపండి. మిగులు బాగా కనిపిస్తే మీన్స్ టెస్ట్‌లో నెగ్గినా అమెరికా ట్రస్టీ 'తీర్చగలిగీ తీర్చడం లేదు' అని అభ్యంతరం చెప్పవచ్చు.

ఇక తెనాలి.

'ఇండియాలో నా పేరు మీద ఏమీ లేదు' అని రాశారు. చట్టం దృష్టిలో ఉంది. మీ నాన్నగారు విల్లు రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం ఆయన పోయిన క్షణంలోనే భార్యకూ పిల్లలకూ సమాన వాటాలుగా వచ్చేస్తుంది. అంటే 2016 నుంచీ ఆ ఎకరం ముప్పైలో మూడో వంతు మీది. అడంగల్‌లో, 1-బిలో, పాసుపుస్తకంలో పేరు మారడం రెవెన్యూ వాళ్ళ పని. హక్కు దానికోసం ఆగదు. విల్లు ఉంటే కథ వేరు. పిత్రార్జితమైతే వాటాల లెక్క వేరుగా ఉంటుంది. గుంటూరులోనో తెనాలిలోనో సివిల్ లాయర్ చేత ఒక పేజీ అభిప్రాయం ఇంగ్లిష్‌లో రాయించుకోండి. ఎవరి పేరున ఉంది, ఎలా వచ్చింది, మీ వాటా ఎంత అన్నవి అందులో ఉండాలి.

అమెరికా దివాలా చట్టంలో మీ ఆస్తి అంటే ప్రపంచంలో ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా మీ ఆస్తే. ఆ లెక్కన 2018 పిటిషన్‌లో ఈ వాటా రాసి ఉండాలి. రాయలేదనే మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాం. రాయని ఆస్తి కేసు మూసేసినా మీకు తిరిగి రాదు. రాసిన ఆస్తిని ట్రస్టీ వదిలేస్తే కేసు మూతపడినప్పుడు అది మీదవుతుంది. రాయనిది మాత్రం ఇప్పటికీ ఆ పాత కేసు ఎస్టేట్‌లోనే, అంటే ట్రస్టీ చేతిలో ఉండే ఆస్తుల్లోనే, ఉండిపోతుంది. ఇప్పుడు మీరు రెండో పిటిషన్‌లో ఆ పొలం రాస్తే 'ఇది 2016లో వచ్చింది కదా, 2018లో ఎందుకు లేదు' అని ట్రస్టీ అడగక మానడు. రాయకపోతే ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు. డిశ్చార్జ్ నిరాకరిస్తారు. అంతేకాదు, ఆస్తి దాచినందుకో తప్పుడు ప్రమాణానికో డిశ్చార్జ్ నిరాకరిస్తే, ఆ కేసులో ఉన్న అప్పులు తర్వాత ఎన్ని ఐపీలు పెట్టినా ఇక పోవు. ఉద్దేశపూర్వకంగా దాస్తే ఫెడరల్ నేరం, శిక్ష అయిదేళ్ళ దాకా. మోసం కేసులో శిక్ష పడి, నష్టం 10 వేల డాలర్లు దాటితే గ్రీన్ కార్డుకే ముప్పు. మామూలుగా ఐపీ పెట్టినంత మాత్రాన గ్రీన్ కార్డుకు ఏమీ కాదు, ఈ మాట కూడా మనసులో పెట్టుకోండి.

భయపెట్టడానికి కాదు ఇదంతా. 'నాన్న పేరు మీదే ఉందిగా' అనుకుని వదిలేయడం మన వాళ్ళలో ఎంత మామూలో అందరికీ తెలిసిందే. తెలియక వదిలేయడానికీ దాచడానికీ కోర్టు తేడా చూస్తుంది. ఆ తేడా మీరు ముందు చెప్పారా, వాళ్ళు పట్టుకున్నారా అన్నదాన్ని బట్టి చాలావరకు తేలుతుంది. 2018 డిశ్చార్జ్‌ను వెనక్కి తీసుకోమని అడగడానికి సాధారణంగా ఉండే ఏడాది గడువు ఎప్పుడో దాటిపోయింది.

అందుకని మొదటి పని రెండో పిటిషన్ కాదు. పాత షెడ్యూళ్ళు పేసర్‌లో దించుకుని, దివాలా కేసులు మాత్రమే చేసే లాయర్ దగ్గరికి వెళ్ళి ఈ ఒక్క విషయం చెప్పండి. లాయర్‌తో మాట్లాడింది బయటికి పోదు. ఆయన బహుశా పాత కేసును తిరిగి తెరవమని పిటిషన్ వేసి, ఆస్తుల షెడ్యూల్ సవరిస్తాడు. మినహాయింపుల (అప్పులవాళ్ళకు పోకుండా మీకు మిగిలే ఆస్తుల) షెడ్యూల్ కూడా సవరించవచ్చేమో చూస్తాడు. ట్రస్టీ తెనాలి వచ్చి పొలం అమ్మడు. పంచుకోని మూడో వంతు, అందులో అమ్మా అక్కా భాగస్వాములు, దాన్ని ఇండియాలో అమ్మించి డాలర్లుగా తెప్పించడం ఆయనకు ఖర్చుతో కూడిన తలనొప్పి. అందుకే ఇలాంటి చోట ఎక్కువగా జరిగేది బేరం. ఎస్టేట్ హక్కును మీరో మీ అక్కగారో ఇంత మొత్తానికి కొనుక్కోండి అంటాడు, కోర్టు అనుమతితో పరిష్కారం అవుతుంది. వాటా విలువ చిన్నదైతే వదిలేయనూ వచ్చు. విలువ చెప్పేటప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. అసలు ధర అంతకన్నా ఎక్కువని ఇండియా ఆస్తులు చూసిన ట్రస్టీలకు తెలుసు. ఆ పక్కనే ఈ మధ్య జరిగిన రెండు మూడు అమ్మకాల ధరలు కూడా ఇవ్వండి. ఈ తంతుకు నెలలు పడుతుంది. అందుకే ఇవాళే మొదలుపెట్టాలి.

చేయకూడనిది ఒకటుంది. ఎవరో ఒకరు చెప్తారు, 'అమ్మకు హక్కు విడుదల రాసిచ్చెయ్, గొడవ వదిలిపోతుంది' అని. రాయకండి. పిటిషన్‌కు ముందు ఏడాదిలో అప్పులవాళ్ళకు అందకుండా ఆస్తి బదిలీ చేస్తే డిశ్చార్జ్ పోవడానికి అదొక్కటే చాలు. రెండేళ్ళలోపు చేసిన బదిలీలన్నీ ఫారంలో రాయాలి. టెక్సస్ చట్టం కింద ట్రస్టీ నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళగలడు. పైగా పాత ఎస్టేట్‌లో ఉన్న వాటా ఇప్పుడు రాసివ్వడానికి మీది కూడా కాదు.

చీటీ కూడా ఆస్తే. అక్క కడుతున్నా మీ పేరున ఉంది కాబట్టి రాయాలి. ఇప్పటిదాకా ఎన్ని నెలలు కట్టారు, పాడారా లేదా, ఈ రోజు బయటికొస్తే ఎంత వస్తుంది అన్నవి చీటీ కంపెనీ నుంచి కాగితం మీద తెప్పించండి. డబ్బు నిజంగా అక్కదే అయితే ఆమె ఖాతా నుంచి కట్టిన రుజువులు జతచేయండి. నోటిమాట నిలవదు. ఇండియా బ్యాంకుల్లో ఎన్నారో, ఎన్నారీ (ప్రవాసుల) ఖాతాలున్నాయా? అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటి ఉంటే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాలు చూపే పత్రం) వేసి ఉండాలి. వేయకుండా ఇప్పుడు దివాలా కాగితాల్లో ఆ ఖాతాలు చూపిస్తే రెండు ప్రభుత్వ రికార్డులు ఒకదాన్నొకటి ఖండిస్తాయి. ముందు ఎకౌంటెంట్‌తో పాతవి సరిచేయించుకోండి.

మీకున్న ఆస్తుల్లో ఏది నిలుస్తుందన్నది మీరు ఎంచుకునే మినహాయింపుల పట్టికను బట్టి ఉంటుంది. టెక్సస్‌లో రాష్ట్ర పట్టికైనా ఫెడరల్ పట్టికైనా తీసుకోవచ్చు. సొంతిల్లు ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని టెక్సస్‌ది తీసుకుంటారు. మీరు అద్దెకుంటున్నారు, పైగా నగదు, చీటీ, ఇండియా పొలం లాంటివాటికి టెక్సస్ పట్టికలో చోటు లేదు. ఫెడరల్ పట్టికలో దేనికైనా వాడుకోగల మొత్తం 2025 ఏప్రిల్ నుంచి 1,675, దానికి తోడు ఇంటి మినహాయింపు వాడుకోనందుకు 15,800, కలిపి 17,475 డాలర్లు. నగలకు విడిగా 2,125 ఉంది. ఏ పట్టిక తీసుకున్నా 401కె కు అప్పులవాళ్ళ బెడద లేదు. అది లోపల ఉన్నంతసేపే. 'వెళ్ళిపోతున్నాంగా' అని ముందే తీసేస్తే 10 శాతం జరిమానా, పన్ను పోగా మిగిలింది మామూలు నగదు అయిపోతుంది, దాన్ని ట్రస్టీ తీసుకోగలడు. కార్డు బాకీలు తీర్చడానికి 401కె తియ్యడం ఐపీ పెట్టబోయే మనిషి చేసే అత్యంత ఖరీదైన పొరపాటు. ఆ బాకీలు ఎలాగూ పోయేవే.

మీ భార్యను కలపాలా వద్దా? 2018లో ఆమె లేరు కాబట్టి ఆమెకు ఎనిమిదేళ్ళ లెక్కే లేదు. ఇద్దరూ కలిసి వేస్తే ఫీజు 338 డాలర్లు ఒక్కసారే. కానీ ఆమె సంతకం చేస్తే ఆమె బంగారమంతా, ఇక్కడ ఒంటి మీదున్నదీ, విజయవాడ లాకర్లో ఉన్నదీ, గ్రాముల్లో తూచి నేటి అమ్మకపు ధరకు రాయాలి. పెళ్ళికి పెట్టినవి టెక్సస్ చట్టంలో ఆమె సొంత ఆస్తి. ఆమె కేసులోకి రాకపోతే అవీ రావు. మరి ఆమె రాకపోతే ఏమవుతుంది? కారు అప్పగించాక అమ్మిన ధర పోను మిగిలే ఆరేడు వేలకు కంపెనీ ఆమె మీద పడుతుంది. మీ డిశ్చార్జ్ ఆమెను కాపాడదు. కాబట్టి లెక్క సులువు. ఆమెకు విడిగా పెద్ద కార్డు బాకీలు లేక, బంగారం ఎక్కువగా ఉంటే ఆమెను బయటే ఉంచి కారు తేడాను కంపెనీతో బేరమాడి తీర్చడం మేలు. బాకీలు పెద్దవై బంగారం మినహాయింపుల్లో ఇమిడిపోతే ఇద్దరూ కలిసి వేయండి.

బావమరిదిగారి 9 వేలు. తిరిగివ్వడం నేరం కాదు. కానీ భార్య తమ్ముడు చట్టం దృష్టిలో దగ్గరి బంధువు. పిటిషన్‌కు ముందు ఏడాదిలో బంధువులకు తీర్చిన బాకీని ట్రస్టీ వాళ్ళ దగ్గర్నుంచి వసూలు చేసి అప్పులవాళ్ళందరికీ పంచగలడు. స్నేహితుడికి ఇచ్చి ఉంటే 90 రోజులే చూసేవారు. ఆయన న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి ఆయనకు నోటీసు వెళ్ళడం చాలా తేలిక. మేలో వేస్తే ఇది ఏడాది లోపలే పడుతుంది. సెప్టెంబర్ దాటేదాకా ఆగితే ఈ తలనొప్పి ఉండదు గానీ మీరు హైదరాబాద్‌లో ఉంటారు. ఆ దారి గురించి కింద చెప్తాం. మేలోనే వేయాలనుకుంటే ఫారంలో రాసేయండి, బావమరిదికి ముందే చెప్పి ఉంచండి. ఉత్తరం వచ్చాక తెలిస్తే ఇంట్లో గొడవ వేరే. చాలాసార్లు ట్రస్టీలు కొంత తగ్గించి తీసుకుని ముగిస్తారు. డబ్బు వెనక్కి తెప్పించి సర్దే ఆలోచన ఉంటే అది లాయర్ చెప్పినట్టే, కాగితాలతో చేయాలి. అమ్మకు పంపే డబ్బు కూడా రెండేళ్ళలో మొత్తం 600 డాలర్లు దాటితే బహుమతుల కింద రాయాలి.

కార్డులు గీకి బంగారం కొనమన్న స్నేహితులకు ఓ నమస్కారం పెట్టండి. పిటిషన్‌కు ముందు 90 రోజుల్లో ఒకే కంపెనీ కార్డు మీద 900 డాలర్లకు మించి విలాస వస్తువులు కొన్నా, 70 రోజుల్లో 1,250 మించి నగదు తీసినా, తీర్చే ఉద్దేశం లేకుండా చేసిన అప్పుగానే మొదట భావిస్తారు, కాదని మీరు రుజువు చేసుకోవాలి. ఆ రోజులకు ముందు చేసినా, విమానం టికెట్ కొన్న తేదీ పక్కనే నగల బిల్లులుంటే మోసమని రుజువు చేయడం కంపెనీ లాయర్‌కు కష్టం కాదు. ఇవాళ్టి నుంచే కార్డులు పక్కన పెట్టేయండి.

అయితే అసలు ఐపీ లేకుండా వెళ్ళిపోతే? ఇది సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం, దానికి ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు. అలాంటి ప్రయాణ నిషేధాలు గల్ఫ్‌లో ఉన్నాయి, అమెరికాలో లేవు. టెక్సస్‌లో మామూలు బాకీకి జీతం జప్తు చేయడానికి వీల్లేదు, తీర్పు వచ్చాక బ్యాంకు ఖాతా మాత్రం పట్టుకోగలరు. ఇండియాలో అమెరికా కోర్టు తీర్పును నేరుగా అమలు చేయలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద గుర్తించిన దేశాల్లో బ్రిటన్, సింగపూర్ ఉన్నాయి, 2020 నుంచి యూఏఈ ఉంది, అమెరికా లేదు. ఆ తీర్పు పట్టుకుని ఇండియాలో కొత్తగా దావా వేయాలి. మీరు హాజరుకాకుండా, మంచిచెడ్డలు విచారించకుండా వచ్చిన తీర్పు 13వ సెక్షన్ ముందు నిలవడం కష్టం. మీ అంత మొత్తానికి కార్డు కంపెనీలు ఆ శ్రమ పడే అవకాశం తక్కువ. సిబిల్ రికార్డు వేరు, అమెరికా ఫైలు అక్కడికి రాదు.

మరి నష్టమెక్కడ? తిరిగొచ్చే దారిలో. టెక్సస్ తీర్పు పదేళ్ళుంటుంది, పునరుద్ధరించుకోవచ్చు, వడ్డీ పెరుగుతుంది. పిల్లలు ఇక్కడి పౌరులు. పదేళ్ళకు చదువులకని మీరు తిరిగొస్తే మొదటి బ్యాంకు ఖాతాతోనే అవన్నీ లేస్తాయి. బాకీ రద్దు చేసిన కంపెనీ 1099-సి అనే పన్ను పత్రం పంపితే అది మీ ఆదాయంగా పన్నుకు వస్తుంది. అప్పటికి ఆస్తులకన్నా అప్పులే ఎక్కువని ఫారం 982తో చూపుకోవాలి. గ్రీన్ కార్డు వదిలేసి ఇక రామని గట్టిగా నిర్ణయించుకున్నవాళ్ళకు ఐపీ అవసరం తక్కువ. గ్రీన్ కార్డు నిలుపుకోవాలనుకునేవాళ్ళు వేసి, ముగించి వెళ్ళడమే మంచిది. మీరు ఇందులో ఏ పక్షమో ఉత్తరంలో చెప్పలేదు. ఇంట్లో కూర్చుని ముందు అది తేల్చుకోండి. నిలుపుకోవాలంటే, ఏడాదికి మించి బయట ఉండబోతే రీ-ఎంట్రీ పర్మిట్ కోసం ఐ-131 ఫారం అమెరికాలో ఉండగానే వేయాలి, వేలిముద్రలకు పిలుస్తారు, దానికీ క్యాలెండర్‌లో చోటుంచండి.

వేయాలనే అనుకుని, తెనాలి సంగతి లాయర్ ఓ దారికి తెచ్చాడనుకుందాం. అప్పుడు రోజులు ఇలా పడతాయి. ఏప్రిల్‌లో మొదటి క్రెడిట్ కౌన్సెలింగ్ కోర్సు చేయండి. పిటిషన్‌కు ముందు 180 రోజుల్లో చేసిందే చెల్లుతుంది, ఆమోదం ఉన్న సంస్థ దగ్గరే చేయాలి, సాధారణంగా 50 డాలర్ల లోపే. మే 4, సోమవారం పిటిషన్ వేశారనుకోండి. అప్పులవాళ్ళ సమావేశం, అంటే 341 మీటింగ్, 21 నుంచి 40 రోజుల మధ్య, మే చివరి వారం నుంచి జూన్ రెండో వారం లోపు పడుతుంది. దానికి కనీసం ఏడు రోజుల ముందు చివరి పన్ను రిటర్న్ ట్రస్టీకి చేరాలి. ఇప్పుడివి ఎక్కువగా జూమ్‌లో జరుగుతున్నాయి. ఫోటో గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబర్ రుజువు దగ్గరుండాలి. జూమ్ కదా, హైదరాబాద్ నుంచి చేరొచ్చనుకోకండి. దేశం బయటి నుంచి ప్రమాణం చేయడానికి ట్రస్టీ ముందస్తు అనుమతి కావాలి, ఇస్తాడన్న హామీ లేదు. ఇండియా ఆస్తులున్న కేసుల్లో ఒక్క మీటింగ్‌తో ముగియకపోవడం కద్దు, కాగితాలు తెమ్మని వాయిదా వేస్తాడు. కాబట్టి టికెట్లు జూన్ 20 తర్వాతకు, తేదీ మార్చుకోగలిగేవి తీసుకోండి. మీటింగ్‌కు మొదట నిర్ణయించిన తేదీ నుంచి 60 రోజులు అభ్యంతరాలకు గడువు. ఎవరూ ఏమీ అనకపోతే జులై చివర్లోనో ఆగస్టులోనో డిశ్చార్జ్ వస్తుంది. దానికి మీరు ఇక్కడ ఉండక్కర్లేదు.

కారును సరెండర్ చేస్తామని ఉద్దేశ పత్రంలో రాసి, వెళ్ళేముందు కంపెనీకి అప్పగించి రసీదు తీసుకోండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వదిలేసి పోవద్దు, టోయింగ్ ఖర్చులు పిటిషన్ తర్వాత పుట్టిన అప్పు కింద మీ నెత్తిన పడతాయి. ఇల్లు మధ్యలో ఖాళీ చేస్తే లీజు జరిమానాను కూడా అప్పుల జాబితాలో చేర్చమని లాయర్‌కు చెప్పండి.

ముందు చెప్తామన్న దారి, హైదరాబాద్ వెళ్ళాక సెప్టెంబర్ తర్వాత వేయడం. అమెరికాలో ఆస్తి ఉంటే, బ్యాంకు ఖాతా అయినా సరే, బయట నివసించే మనిషి కూడా వేయవచ్చు. కానీ నివాసం మారాక మినహాయింపులు ఏ పట్టికవో, ఏ జిల్లాలో వేయాలో తేల్చడం, ప్రమాణానికి అనుమతి తెచ్చుకోవడం కలిసి లాయర్ ఫీజు పెరుగుతుంది, చాలామంది అసలు ఒప్పుకోరు. 9 వేల కోసం ఆ తంటా పడమని మేం చెప్పం. చాప్టర్ 13, అంటే వాయిదాల్లో తీర్చే దివాలా, దాని సంగతి కూడా అంతే. చాప్టర్ 7 తర్వాత నాలుగేళ్ళకే దాని డిశ్చార్జ్ వస్తుంది కాబట్టి మీకు 2022 నుంచే అర్హత ఉంది. కానీ మూడు నుంచి అయిదేళ్ళు రూపాయి జీతంలోంచి నెలనెలా డాలర్లు కట్టాలి. మధ్యలో వాయిదాలు తప్పితే కేసు కొట్టేయవచ్చు, కట్టింది తిరిగి రాదు.

డిశ్చార్జ్ వచ్చేదాకా అమెరికా బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్ మూసేయకండి. ఓటీపీలు, ట్రస్టీ ఫోన్లు, పన్ను రీఫండ్, అన్నీ వాటికే వస్తాయి. రీఫండ్‌లో పిటిషన్ నాటికి మీకు రావాల్సిన భాగం ఎస్టేట్‌దే, వచ్చిన వెంటనే ఖర్చుపెట్టకండి. పిటిషన్ వేసిన 180 రోజుల్లో ఎవరి నుంచైనా వారసత్వం సంక్రమిస్తే, మీరు ఏ దేశంలో ఉన్నా, లాయర్‌కు చెప్పి తీరాలి. కోర్టుకు హైదరాబాద్ చిరునామా ఇవ్వండి.

విమానం ఎక్కే హడావుడిలో జనం మరచిపోయేది రెండో కోర్సు. పిటిషన్ వేశాక చేయాల్సిన ఆర్థిక నిర్వహణ కోర్సు అది, ఆన్‌లైన్‌లో రెండు గంటల పని. 341 మీటింగ్‌కు మొదట పెట్టిన తేదీ నుంచి 60 రోజుల్లో దాని సర్టిఫికెట్ కోర్టుకు చేరకపోతే డిశ్చార్జ్ ఇవ్వకుండానే కేసు మూసేస్తారు. తర్వాత మళ్ళీ తెరిపించడానికి ఫీజు కట్టి, లాయర్‌కు విడిగా ఇచ్చుకోవాలి. మీటింగ్ అయిన సాయంత్రమే ఆ కోర్సు ముగించి, సర్టిఫికెట్ కోర్టు డాకెట్‌లో ఎక్కిందని మీ కళ్ళతో చూశాకే సూట్‌కేసులు సర్దుకోండి.